బల్లమీది బహుత్వము

వేలకొలది యంత్రములను ఏకసూత్రమున గట్టి, వానిలో ఒకటి చెడినను వేరొకటి దాని భారమును మోయునట్లు ఏర్పరచిన వ్యవస్థను, గోడప్రక్కన బల్లమీద నున్న ఒకే యొక డెస్క్‌టాప్ కంప్యూటరులో నెలకొల్పుకొనవలెనను కోరిక, ఆలోచించి చూచినచో, మిక్కిలి విపరీతమైన కోరికయే. విడివిడిగా నుండుటయే దేనికి ప్రాణమో, దానిని విడిపోవుటకు చోటు లేని తావున ప్రతిష్ఠించుటలోని అసంగతి ఆ పనికి పూనుకొనువారిలో అనేకులకు తోచదు. తోచినవారు గూడ, నేర్చుకొనుటకు వేరు దారి లేదని సమాధానపడుదురు. ఆ వ్యవస్థను నిర్మించినవారే ఈ ప్రయత్నమునకు మార్గము కల్పించి, తమ సూచనపత్రములలో దీనికొక ప్రకరణమును ప్రత్యేకించి యుండుట చూడగా, ఈ వైపరీత్యమునకు వారి ఆమోదము గూడ కలదని గ్రహింపవలసియున్నది. నాకు మాత్రము ఆ అసంగతియే ఆకర్షకముగా నున్నది. ప్రయోజనము తొలగిపోయిన పిమ్మట ఒక వ్యవస్థలో మిగులునది దాని శీలము. మనుష్యులను గూర్చియు ఈ మాట చెప్పవచ్చును గాని, ఇప్పటికి యంత్రమును గూర్చియే చెప్పెదను.

నేను ప్రస్తావించుచున్నది హడూప్ అను పేర ప్రసిద్ధమైన వ్యవస్థకు ఆధారభూతమైన ఫైల్ సిస్టమ్‌ను గూర్చి. దాని వంశచరిత్ర దీర్ఘమైనది కాదు. 2002వ సంవత్సర ప్రాంతమున డగ్ కటింగ్, మైక్ కఫరెల్లా అను ఇరువురు, లోకములోని వెబ్ పుటలను సేకరించి వెదకిపెట్టగల నచ్ అను సాఫ్ట్‌వేరును, ఎవరైనను ఉచితముగా వాడుకొనునట్లు, నిర్మింపబూనిరి. పుటలు కోట్లకు కోట్లు పెరుగుచుండగా వానిని దాచు తావే వారికి పెద్ద చిక్కైనది. అట్టి సమయమున, 2003లో, గూగుల్ సంస్థయందు పనిచేయుచున్న సంజయ్ ఘెమావత్, హోవర్డ్ గోబియాఫ్, షున్-టాక్ లియంగ్ అను మువ్వురు, తమ సంస్థ ఫైళ్లను దాచుకొను పద్ధతిని వివరించుచు ఒక పరిశోధనపత్రమును ప్రకటించిరి. చవుక యంత్రములను విస్తారముగా కొని కూర్చుకొన్నచోట వానిలో ఏదో యొకటి చెడియుండుట అరుదైన విపత్తు కాదు, నిత్యకృత్యము. కావున చెడుటను ముందే అంగీకరించి నిర్మాణమును ప్రారంభింపవలెను: ఇది ఆ పత్రమునకు మూలభావము. యంత్రనిర్మాణశాస్త్రములో ఇంతటి వినయముతో మొదలైన సిద్ధాంతములు అంత ఎక్కువగా లేవని నా అభిప్రాయము. కటింగ్, కఫరెల్లాలు ఆ పత్రమును చదివి, అందలి భావమును జావా భాషలో తమ చేతులతో మరల కట్టుకొనిరి. 2006లో ఆ భాగము నచ్ నుండి వేరుపడి, కటింగ్ కుమారుడు ఆడుకొను పసుపుపచ్చ ఏనుగుబొమ్మ పేరును ధరించి, యాహూ సంస్థ పోషణలో నిజముగనే ఏనుగంతైనది. 2010లో ఆ సంస్థ ఇంజనీర్లు ప్రకటించిన లెక్కను బట్టి, వారి యొద్ద 25,000 సర్వర్లు 25 పెటాబైట్ల సమాచారమును ఈ పద్ధతిలో మోయుచుండెను. అన్నిటికంటె పెద్ద సమూహములో 3,500 సర్వర్లుండెను. నెలకు నూటికి 0.8 వంతున యంత్రములు చెడుచుండెనని గూడ వారే వ్రాసిరి. అనగా ఆ పెద్ద సమూహమున దాదాపు దినమునకొక యంత్రము కన్నుమూయుచున్నను, అందలి ఫైళ్లను చదువుకొనువారికి ఆ సంగతి తెలియనక్కరలేదు.

ఏర్పాటు స్థూలముగా ఇట్లుండును. పెద్ద ఫైలును 128 మెగాబైట్ల బ్లాకులుగా ఖండించి, ఒక్కొక్క బ్లాకునకు మూడేసి ప్రతులు తీసి, వానిని వేర్వేరు యంత్రములపై భద్రపరతురు. ఆ యంత్రములపై నుండి బ్లాకులను కాచు ప్రోగ్రామునకు డేటానోడు అని పేరు. ఏ ఫైలు ఏయే బ్లాకుల కూర్పో, అవి ఎవరెవరి యొద్ద నున్నవో, ఆ జ్ఞానమంతయు నేమ్‌నోడు అను వేరొక ప్రోగ్రాము తన మెమొరీలో ధరించియుండును. నేమ్‌నోడు ఫైలులోని ఒక్క అక్షరమునైనను తాను మోయదు. డేటానోడునకు తాను మోయుచున్నది ఏ ఫైలులోని భాగమో తెలియదు. ప్రతి డేటానోడును 3 సెకండ్లకొకమారు తాను బ్రతికియున్నట్లు నేమ్‌నోడునకు సంకేతము పంపుచుండును. సంకేతము రానంతమాత్రమున అచ్చట కలవరపాటు లేదు. ఐదేసి నిమిషముల విరామములు రెండు, వానిపై పది సంకేతముల కాలము, వెరసి 10 నిమిషముల 30 సెకండ్లు వేచియుండి, అప్పటికిని మౌనమే ఐనచో ఆ డేటానోడు గతించినదని నిశ్చయించి, దాని బ్లాకులకు ఇతరత్ర మిగిలియున్న ప్రతుల నుండి నూతన ప్రతులను తీయింప నారంభించును. గతించినదనుకొన్నది తీగ సరిచేయగనే తిరిగి వచ్చినచో, నిష్ఠూరములేవియు లేక దానిని చేర్చుకొని, మితిమీరిన ప్రతులను తుడిపివేయించును.

ఇంతటి సంసారమును ఒక్క పెట్టెలోనికి దింపుటకు చేయవలసిన పనులు పైకి స్వల్పములే. లినక్స్ ఉన్న కంప్యూటరులో జావా ఉండవలెను; హడూప్ కట్టను విప్పి ఒక ఫోల్డరులో నుంచవలెను; జావా ఎచ్చట నున్నదో దానికి చెప్పవలెను; ఒక కాన్ఫిగరేషన్ ఫైలులో నేమ్‌నోడు చిరునామాగా, ఈ యంత్రమే యని అర్థమిచ్చు లోకల్‌హోస్ట్ అనియు, 9000 పోర్టు అనియు వ్రాయవలెను; ఇంకొకదానిలో ప్రతుల సంఖ్య 1 అని వ్రాయవలెను. ఇందు చెప్పుకొనదగినంత రసము లేదు. రసము తరువాతి మెట్టులో కలదు.

ఈ వ్యవస్థను మేల్కొలుపు కమాండు, తన జాబితాలోని ప్రతి యంత్రమునకును ఎస్‌ఎస్‌హెచ్ మార్గమున పోయి, తలుపు తట్టి, అచ్చటి ప్రోగ్రామును లేపును. జాబితాలో నున్నది ఒక్కటే పేరు, అదియు తన పేరే. ఐనను కమాండు ఆ సంగతిని లక్ష్యపెట్టదు. పరాయి యింటికి పోవునట్లే పోవును, తలుపు తట్టును, లోపలినుండి పాస్‌వర్డు అడుగుదురు. ప్రతిమారును పాస్‌వర్డు చెప్పవలసిన శ్రమ తప్పించుకొనుటకు ఒక తాళపుచెవుల జంటను పుట్టించి, బహిరంగమైన సగమును తన యింటనే, తాను నమ్మినవారి పట్టికలో వ్రాసికొనవలెను. అన్నిటికంటె విచిత్రము మొదటిమారు జరుగు సంభాషణ. ఈ యంత్రము నిజముగా ఆ యంత్రమే యని రూఢి చేయజాలకున్నాను, ముందునకు సాగవచ్చునా యని అది మనలను అడుగును. ఆ ప్రశ్న అడుగునదియు, ఏ యంత్రమును గూర్చి అడుగుచున్నదో అదియు, మన చేయి ఆనియున్న పెట్టెయే. ఔనని చెప్పినచో, నాటినుండి ఆ యంత్రము తన్నుతాను ఎరిగినవారి జాబితాలో శాశ్వతముగా చేర్చుకొనును.

తనతో తాను మాటలాడుటకు కంప్యూటర్ల లోకములో లభించిన సౌకర్యము సామాన్యమైనది కాదు. 127 తో మొదలగు ఇంటర్నెట్ చిరునామాలన్నియు, 1,67,77,216 చిరునామాలు, ఈ ఒక్క ప్రయోజనమునకే ప్రత్యేకింపబడియున్నవి. చిరునామాలు చాలక లోకమంతయు ఇబ్బందిపడిన దినములలో గూడ ఈ సొమ్మును ఎవరును ముట్టలేదు. వానిలో దేనికి ఉత్తరము వ్రాసినను అది గడప దాటదు. నెట్‌వర్కు కార్డు వరకైనను పోకయే వెనుకకు మరలి, పంపినవాని ఒడిలోనే పడును. కాని అట్లు మరలునప్పుడు గూడ, దూరపు ఉత్తరమునకు జరుగవలసిన మర్యాదలన్నియు జరుగును. కవరుపై పంపినవారి చిరునామా, చేరవలసినవారి చిరునామా వ్రాయబడును. ముట్టినదను రసీదు వచ్చును. రసీదు రానిచో మరల పంపబడును.

మన పాఠశాలల వార్షికోత్సవములలో ఏకపాత్రాభినయమును చూడనివారుండరు. మయసభ ఘట్టమున రంగముపై దుర్యోధనుడొక్కడే యుండును. ద్రౌపది నవ్వు ఆతనికి తప్ప ఎవరికిని వినబడదు. ఐనను ఆ నవ్వు వచ్చిన దిక్కునకు ఆతడు తల త్రిప్పనిచో, అది ఆగునంతవరకు తన మాట ఆపనిచో, ముందు వరుసలోని పిల్లవాడు గూడ నమ్మడు. ఒంటరి డెస్క్‌టాప్‌లోని ఈ వ్యవస్థ ఆ మర్యాదను అణుమాత్రమును తప్పదు. డేటానోడు నేమ్‌నోడునకు 3 సెకండ్లకొక సంకేతము పంపుచునే యుండును. నేమ్‌నోడు దాని మరణమునకై నియమితకాలము వేచిచూచుటకు సిద్ధముగనే యుండును. అవి రెండును ఒకే విద్యుత్తును త్రాగుచు ఒకే ఫంకాగాలికి చల్లబడుచున్నవని వానికి తెలియదు. నటునకును వీనికిని గల భేదమెల్ల ఇదియే: ఆతనికి తాను ఒంటరినని తెలియును.

తెలియకుండుటయే ఇచ్చట ఒక గొప్ప గుణమని నాకు తోచుచున్నది. దగ్గరనున్నవాడే గదా యని మెమొరీలోనుండి మెమొరీలోనికి నేరుగా చేయి చాచి తీసికొను వెసులుబాటును ఈ ప్రోగ్రాములకు ఇచ్చియుండినచో, వేగము పెరిగెడిదేమో గాని, ఆ దినము నేర్చుకొన్న చనువు రేపు వేయి యంత్రముల నడుమ పనికిరాకపోయెడిది.

రంగము సిద్ధమైన పిమ్మట, నేమ్‌నోడును మొదలు పెట్టుటకు ముందు, దానిని ఫార్మాట్ చేయవలెను. ఆ మాట వినగనే డిస్కు అంతయు తుడిచిపెట్టుకొనిపోవునేమో యని క్రొత్తవారికి గుండె ఝల్లుమనును. నిజమునకు అది చేయునది ఒక శూన్యమైన పట్టికను సృష్టించి, ఈ సమూహమునకు ఒక క్రొత్త గుర్తింపుసంఖ్యను ప్రసాదించుట మాత్రమే. ఆ సంఖ్య విషయమున డేటానోడుల పట్టుదల మెచ్చుకొనదగినది. నేమ్‌నోడును రెండవమారు ఫార్మాట్ చేసినచో దానికి నూతన సంఖ్య వచ్చును. పేరు అదే, చిరునామా అదే, పోర్టు అదే ఐనను, పాత సంఖ్యను తన ఫోల్డరులో వ్రాసికొనియున్న డేటానోడు ఈ క్రొత్త ప్రభువునకు మ్రొక్కదు. సంఖ్యలు కలియలేదని లాగ్ ఫైలులో ఒక వాక్యము వ్రాసి నిష్క్రమించును. దీని కారణమెరుగనివారు దీనిని మొండితనమని విసుగుకొందురు. నేను దీనిని విశ్వాసమనియే అందును: పట్టికను పోగొట్టుకొన్న నేమ్‌నోడు, ఈ బ్లాకులేవియు నేనెరుగనివి, తుడిచివేయుమని ఆజ్ఞాపించు ప్రమాదమున్నది గనుక, ఆ ఆజ్ఞ వినబడు దూరమునకే పోకుండుట డేటానోడు తన సొత్తునకు చేయు రక్ష.

ఇంకొక వింత గూడ ఇచ్చటనే చెప్పవలసియున్నది. వేరే చెప్పనిచో ఈ వ్యవస్థ తన సర్వస్వమును టెంప్ ఫోల్డరులో దాచుకొనును. అది తాత్కాలిక వస్తువుల కొరకైన తావు. అనేక లినక్స్ వ్యవస్థలు కంప్యూటరును ఆపి మరల వేసినపుడు దానిని ఊడ్చివేయును. యంత్రములు చచ్చినను సమాచారము చావకూడదను సంకల్పముతో పుట్టిన వ్యవస్థ, ఒక రాత్రి కరెంటు పోయి వచ్చిన మాత్రమున నామరూపములు లేకపోవునట్లు దాని తొలి అమరిక యుండుట, రచయితల అజాగ్రత్తయో, ఒంటరి యంత్రమును నమ్మవలదని చెప్పకచెప్పిన హెచ్చరికయో ఎరుగను. ఆ తావును మార్చుటకు ఒక్క పంక్తి చాలును.

నేమ్‌నోడు మేల్కొను క్రమమును మాత్రము తొందరపడక చూడవలెను. ఫైళ్ల పేర్లు, ఏ ఫైలులో ఏ బ్లాకులున్నవను కూర్పు, ఇవి దాని డిస్కుపై భద్రముగా నుండును. జరిగిన ప్రతి మార్పును మొదట ఒక చిట్టాలో వ్రాసి, అదనునెరిగి దానిని మూలపట్టికలో కలుపుదురు. ఈ కలుపు పనిని చేయు మూడవ ప్రోగ్రామునకు సెకండరీ నేమ్‌నోడు అని పేరుపెట్టి, అది మొదటిదాని స్థానమున నిలువగలదను భ్రమను లోకమునకు కలిగించిరి. అది నిలువజాలదు, గంటకొకమారు చిట్టాను సర్దిపెట్టుటయే దాని కొలువు. ఇట్లు పేర్లన్నియు వ్రాసిపెట్టుకొను నేమ్‌నోడు, ఏ బ్లాకు ఎవరి యొద్ద నున్నదను సంగతిని మాత్రము ఎన్నడును డిస్కుపై వ్రాసికొనదు. నిద్రలేచినప్పుడెల్ల తనకు గల వస్తువులేవో దానికి తెలియును గాని అవి ఎచ్చట నున్నవో తెలియదు. డేటానోడులు ఒక్కొక్కటిగా వచ్చి, తమ యొద్ద నున్న బ్లాకుల జాబితాను విన్నవించుకొనవలెను. అంతవరకు అది రక్షితస్థితిలో నుండి, చదువుటకే గాని వ్రాయుటకు ఎవరిని అనుమతింపదు. వెయ్యింట 999 వంతుల బ్లాకుల ఆచూకీ తెలిసిన పిమ్మట, మరి 30 సెకండ్లు ఆగి, అప్పుడు తలుపులు తెరచును. నిన్నటి స్థలములు నేటికి నిజము కాకపోవచ్చునను వివేకముచే, ఉన్నవానినే అడిగి తెలిసికొనుటను నియమముగా పెట్టుకొన్న ఈ పద్ధతి నాకు మిక్కిలి ప్రీతిపాత్రము. డెస్క్‌టాప్‌పై అడుగవలసినది ఒక్క డేటానోడునే. అదియు ప్రక్కనే యున్నది. ఐనను నేమ్‌నోడు అడుగకుండ నమ్మదు.

అన్నియు లేచినవో లేదో చూచుటకు జేపీయస్ అను చిన్న కమాండు కలదు. అది నడచుచున్న జావా ప్రోగ్రాముల పేర్లను వరుసగా చెప్పును: నేమ్‌నోడు, డేటానోడు, సెకండరీ నేమ్‌నోడు, వానితోపాటు జేపీయస్. లెక్కించువాడు తన్ను గూడ లెక్కలో చేర్చుకొనుట వేదాంతగ్రంథములతో పరిచయమున్నవారికి ముచ్చటగా నుండును. హైదరాబాదులో అమీర్‌పేట మైత్రీవనము చుట్టుప్రక్కల గల శిక్షణాలయములలో, 2010 తరువాతి సంవత్సరములయందు, ఎందరో యువకులు ఈ నాలుగు పేర్లు తెరపై కనబడిన క్షణమున ఊరట చెందియుందురు. వారెవరును వేయి సర్వర్లను కన్నులార చూచినవారు కారు. అరకొర మెమొరీ గల ల్యాప్‌టాప్‌పై నటింపబడిన సమూహమునే చూచి, సముద్రములకావల నిజమైన సమూహములను పాలించుటకు పోయినవారు వారిలో కలరు. పోయినచోట వారికి క్రొత్తగా తోచినది యంత్రముల సంఖ్యయే గాని సంభాషణ కాదు.

ఈ వ్యవస్థలోనికి మొదటి ఫైలును ఎక్కింపగనే, డేటానోడు ఫోల్డరులో దాని బ్లాకు 1073741825 అను సంఖ్యతో వెలయును. మొదటి బిడ్డకే నూరుకోట్లు దాటిన సంఖ్యను పెట్టు సంసారమిది. ఎక్కించినది తెలుగు ఫైలైనచో, ఆలోచించుటకు ఇంకొక విషయము దొరకును. తెలుగు లిపికి యూనికోడ్ కేటాయించిన ప్రతి సంకేతమును, నేడు సర్వత్ర వాడుకలో నున్న యూటీయఫ్-8 పద్ధతిలో వ్రాసినచో, 3 బైట్లగును. ‘స్త్రీ’ అను ఒక్క అక్షరము సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, ఈకారపు గుర్తు అను ఆరు సంకేతముల కూటమి గనుక 18 బైట్లు. బ్లాకులను ఖండించు కత్తికి భాషతో ప్రసక్తి లేదు. 128 మెగాబైట్లనగా 13,42,17,728 బైట్లు. అచ్చటికి రాగానే తెగవలసినదే. ఆ సంఖ్య మూడింట నిశ్శేషముగా భాగింపబడదు. ఖాళీలు, విరామచిహ్నములు లేక కేవలము తెలుగు సంకేతములతోనే నిండిన ఫైలైనచో, మొదటి బ్లాకు ఒక సంకేతములోని రెండు బైట్లను తనయొద్ద నుంచుకొని, మూడవదానిని వేరొక బ్లాకునకు విడిచిపెట్టును. ఆ రెండు బ్లాకులు వేర్వేరు యంత్రములపై నున్నచో, ఒక గుణింతపు గుర్తు రెండూళ్ల నడుమ చీలియుండునన్నమాట.

అట్లు చీలినదానిని ఎవరు కలుపుదురు? ఫైలును ఆద్యంతము చదువువాడు బ్లాకులను వరుసగా ఒకదానివెంట నొకటి తెప్పించుకొనును గనుక ఆతనికి బాధ లేదు. ఒక్కొక్క బ్లాకును ఒక్కొక్క పనివాడు ఏకకాలమున చదివి, మాటలను లెక్కించునపుడు గదా చిక్కు. అందులకు హడూప్ ఏర్పరచిన నియమము నాకు ఈ వ్యవస్థలోని మిక్కిలి సుందరమైన విషయముగా కనబడుచున్నది. తన బ్లాకు తుదకు వచ్చిన పనివాడు, అచ్చటి పంక్తి అసంపూర్ణమైనచో, హద్దు దాటి తరువాతి బ్లాకులోనికి పోయి ఆ పంక్తిని ముగించుకొనివచ్చును. మొదటివాడు తప్ప తక్కినవారందరును, తమ బ్లాకులోని మొదటి పంక్తిని చదువకయే విడిచిపెట్టుదురు. ఏలన అది వెనుకటివాని పాలు. ఈ విషయమున వారిలో వారు ఒక్క మాటయైనను చెప్పుకొనరు. ఒకడు చొచ్చివచ్చుటయు, ఇంకొకడు విడిచిపెట్టుటయు సరిగ్గా కలిసినందున, ఏ పంక్తియు రెండుమారులు లెక్కకు రాదు, ఏదియు తప్పిపోదు.

ఐనను మన కావ్యములను ఎక్కించి ఈ చీలికను చూడవలెనన్నచో ఆశాభంగమే. ఒక బ్లాకులో సుమారు 4 కోట్ల 47 లక్షల తెలుగు సంకేతములు పట్టును. ప్రబంధమెంత పెద్దదైనను దాని యొక మూలనైన నిండదు. బ్లాకు పరిమాణమును 1 మెగాబైటు వరకు తగ్గించి పరీక్షింపవచ్చును. అంతకంటె దిగువకు పోవుటకు ఈ వ్యవస్థ తనంత తాను అంగీకరింపదు. నిజమునకు ఇది చిన్న ఫైళ్లకు పుట్టినది కాదు. ప్రతి ఫైలునకును, ప్రతి బ్లాకునకును నేమ్‌నోడు మెమొరీలో సుమారు 150 బైట్లు పోవునని అంచనా. కోటి చిన్న ఫైళ్లను ఎక్కించినచో, వాని లోపల ఏమున్నను, పేర్లను గుర్తుంచుకొనుటకే 3 గిగాబైట్లు చెల్లింపవలెను. ఇంట కంప్యూటరు ఉన్నవాని ఫైళ్లన్నియు చిన్నవే: పెండ్లి ఫోటోలు, బిల్లులు, ఉత్తరములు. వానికి ఈ వ్యవస్థ పనికిరాదని నిష్కర్షగా చెప్పివేయుట మేలు.

ప్రతుల సంఖ్య 1 అని వ్రాయవలెనంటిని. దానిని మార్చక 3 గానే విడిచినచో ఏమగునని చూచుటయు ఆసక్తికరమే. ఫైలు ఎక్కును, కాని ప్రతి బ్లాకునకును రెండు ప్రతులు బాకీ యున్నవని నేమ్‌నోడు గుర్తుంచుకొని, 9870 పోర్టులోని తన పుటలో ఆ బాకీని చూపుచునే యుండును. ఎన్నడైన రెండవ డేటానోడు వచ్చి చేరినచో ఎవరును చెప్పకుండగనే తీర్చుటకు మొదలుపెట్టును. ఇంతటి నిజాయితీ గలదానిని మోసగించుట మాత్రము సులభము. ఒకే కంప్యూటరులో, ఒకే డిస్కుపై, మూడు ఫోల్డరులను, మూడు పోర్టులను ఏర్పరచి మూడు డేటానోడులను నడపినచో, అది తృప్తిపడును. మూడు ప్రతులు మూడు చోట్ల నున్నవని పుటలో వ్రాసికొనును. డిస్కు చెడిన దినమున మూడును ఒక్కమారే పోవును. అది లెక్కించునది ప్రోగ్రాములను గాని ఇనుమును కాదు. ఏ యంత్రము ఏ ర్యాకులో నున్నదను విషయమునను ఇంతే. మూడు ప్రతులలో ఒకటి వ్రాసినవాని యొద్ద, తక్కిన రెండు వేరొక ర్యాకులోని రెండు యంత్రములపై నుంచవలెనని నియమమున్నది. కాని ర్యాకుల సంగతి నిర్వాహకుడు చెప్పవలసినదే, చెప్పనిచో అన్నియు ఒకే ర్యాకులో నున్నవని అది భావించుకొనును. దూరమును గూర్చిన సత్యము యంత్రమునకు తెలియదు. మనుష్యుని మాటపై ఆధారపడియున్నది.

ఈ దూరమను దానిపైననే మన ప్రాచీనగ్రంథముల ఆయుర్దాయము ఆధారపడినదని తలచినపుడు ఈ నియమము నాకు కేవలము యాంత్రికముగా తోచదు. నన్నెచోడుని కుమారసంభవము చిరకాలము పండితుల ఎరుకలో లేక, తంజావూరు సరస్వతీమహల్‌లోని తాళపత్రప్రతి ఆధారముగా మానవల్లి రామకృష్ణకవి 1909లో ప్రకటించునంతవరకు మరుగుపడియుండెను. తెలుగునేలకు దూరముగా, తెలుగును ఆదరించిన వేరొక రాజ్యమున ఒక ప్రతి చేరియుండుటయే దానిని బ్రతికించినది. తిక్కన విజయసేనమునకు అట్టి భాగ్యము కలుగలేదు. అదియు ఒకప్పుడు ప్రతులుగా నుండియే యుండును. అవి ఎన్నియో, ఎంతెంత దూరమున నుండెనో ఎవరెరుగుదురు? పదిప్రతులు ఒకే యింటి అటకపై నున్నచో చెదపురుగునకు అవి పది కావు, ఒకటే.

ప్రతి ఒక్కటే యున్నచో ఇంకొక దైన్యము గూడ కలదు. ఈ వ్యవస్థ ప్రతి 512 బైట్లకును ఒక సరిచూపు సంఖ్యను లెక్కకట్టి ప్రక్కన వ్రాసియుంచును; చదువునపుడు మరల లెక్కించి, రెండును కలియనిచో ఆ ప్రతి చెడినదని గ్రహించి, వేరొక ప్రతి యొద్దకు పోవును. మన లేఖకులు గూడ 32 అక్షరములనొక గ్రంథముగా లెక్కించి తాము వ్రాసినదాని పరిమాణమును చెప్పెడివారు. కూలి కొరకైనను, ఆ సంఖ్య లోపమును పట్టియిచ్చుటకు గూడ పనికివచ్చెడిది. కడపలో బ్రౌను దొర ఒక్కొక్క కావ్యమునకు దొరికినన్ని ప్రతులను తెప్పించి పండితులచే సరిచూపించిన కారణమును ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనవచ్చును. ఒకే ప్రతి యున్న డెస్క్‌టాప్‌పై సరిచూపు సంఖ్య తప్పును చూపును; ఒప్పును చూపుటకు దానికి ఆధారము లేదు. చెడినదని స్పష్టముగా తెలిసి, చేయగలిగినది లేక, ఆ బ్లాకు చెడినదని ప్రకటించి ఊరకుండును.

ఎవరైన ఒక పాత కంప్యూటరును తెచ్చి దీని ప్రక్కన పెట్టి, రెంటిని ఒక తీగతో కలిపినచో, అప్పుడు మార్చవలసినది ఎంత స్వల్పమో చూడవలెను. లోకల్‌హోస్ట్ అని వ్రాసినచోట యంత్రము అసలు పేరు వ్రాయుట. పనివారి జాబితాలో రెండవ పంక్తి చేర్చుట. తాళపుచెవిలోని బహిరంగమైన సగమును క్రొత్త యింటికి పంపుట. అచ్చటను అదే జావా, అదే హడూప్, అవే ఫైళ్లు నుంచుట. ప్రతుల సంఖ్య 2 చేసి, పాత ఫైళ్లకు గూడ అది వర్తించునట్లు ఒక కమాండు ఇచ్చుట. నేమ్‌నోడులోని గాని డేటానోడులోని గాని ఒక్క వాక్యమునైనను తిరిగి వ్రాయనక్కరలేదు. ఉబుంటు వాడువారు మాత్రము హోస్ట్స్ ఫైలులో తమ యంత్రపు పేరునకెదురుగా 127.0.1.1 అని యుండుటను గమనింపవలెను. దానిని అట్లే విడిచినచో నేమ్‌నోడు తన యింటిలోపలనే కూర్చుండి, బయటినుండి వచ్చిన క్రొత్త డేటానోడు ఎంత తట్టినను తలుపు తీయదు. దానిని సరిచేసిన పిమ్మట, బాకీపడియున్న ప్రతులు ఒక్కొక్కటిగా తీగమీదుగా రెండవ డిస్కునకు పోవుచుండుటను 9870 పోర్టులోని పుటలో తిలకింపవచ్చును. మూడవ యంత్రమునకు కావలసినది ధనమే గాని పాండిత్యము కాదు గనుక, ఆ సంగతిని పాఠకుల ఇంటివారితో సంప్రదించుటకు విడిచిపెట్టుచున్నాను.